విద్యార్థి రాతలో ప్రతి తప్పునూ దిద్దాలా?

ప్రశ్న (కుదించి): రెండో భాషగా తెలుగు చెబుతున్నాను. క్లాసులో 45 మంది, అందరూ ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలే. వారానికో వ్యాసం రాయిస్తాను. ఆదివారమంతా ఎర్ర పెన్నుతో కూర్చుని ప్రతి తప్పూ దిద్ది ఇస్తే మళ్లీ వారం అవే తప్పులు. వ్యాకరణ దోషాలు దిద్దడం దండగని పరిశోధనల్లో తేలిందని తోటి టీచర్ అంటున్నారు. నిజమేనా? దిద్దడం మానేస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా?

సమాధానం:

ముందు ఒక చిన్న లెక్క. ఒక్కో వ్యాసానికి పావుగంట వేసుకున్నా 45 వ్యాసాలకు 11 గంటల 15 నిమిషాలు. అంత చేసి నోటుబుక్కులు పంచాక పిల్లలు ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. మార్కు చూస్తారు, పక్కవాడి మార్కు చూస్తారు, నోటుబుక్కు మూసి సంచిలో పడేస్తారు. అంతా కలిపి పది సెకన్లు. మీరు దిద్దిన తప్పులు మళ్లీ వారం రావడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే. మీరు దిద్దడం సరిగ్గా లేదని కాదు. దిద్దింది చదవాల్సిన అవసరం పిల్లలకు ఎక్కడా రాలేదు.

నేను 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో కొన్నాళ్లు ఇంగ్లీషు, తర్వాతంతా రెండో భాషగా తెలుగు. తొలి ఆరేడేళ్లు అచ్చం మీలాగే దిద్దాను. పేజీ ఎంత ఎర్రబడితే అంత బాగా పనిచేసినట్టు అనిపించేది. ఇప్పుడు దిద్దేవి అప్పటి వాటిలో నాలుగో వంతు కూడా ఉండవు. అయినా పూర్తిగా మానేయమని మాత్రం చెప్పను.

మీ తోటి టీచర్ మాట గాల్లోంచి ఊడిపడింది కాదు. 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు రెండో భాష రాత క్లాసుల్లో వ్యాకరణ దోషాలు దిద్దడం పూర్తిగా ఆపేయాలని రాశారు. దిద్దడం వల్ల లాభం లేకపోగా నష్టం కూడా ఉందన్నారు. భాష ఒక క్రమంలో ఒంటబడుతుంది, ఆ దశకు చేరకముందే దిద్దితే అది మనసుకు పట్టదు అన్నది ఒక కారణం. టీచర్లు ఒకే తప్పును ఒకచోట దిద్ది ఇంకోచోట వదిలేస్తారన్నది ఇంకొకటి. తప్పు పడుతుందన్న భయంతో పిల్లలు తేలిక వాక్యాలకు దిగిపోతారని కూడా అన్నారు. 1999లో డేనా ఫెరిస్ దీనికి జవాబిస్తూ అంత తొందరపడి తేల్చేయకూడదన్నారు. అన్ని తప్పులూ ఒక జాతివి కావని, ఎంచుకుని స్పష్టంగా దిద్దితే ఫలితం ఉండొచ్చని ఆమె వాదన. అయితే గట్టి ఆధారాలు ఇంకా కావాలని ఆమే ఒప్పుకున్నారు. కాబట్టి ‘తేలింది’ అన్న మాట కొంచెం ఎక్కువే. వాదన జరిగింది, ఇంకా జరుగుతూనే ఉంది.

ఆ తర్వాత వచ్చిన వాటిలో నా పద్ధతిని మార్చినవి రెండు. 2003లో జీన్ చాండ్లర్ ప్రచురించిన అధ్యయనంలో, టీచర్ గుర్తుపెట్టిన తప్పుల్ని వెంటనే తామే సరిచేసి మళ్లీ రాసిన విద్యార్థులకు ఆ సెమిస్టరులోనే కొత్త రాతల్లో తప్పులు తగ్గాయి. గుర్తులు అందుకుని అలా సరిచేయకుండా వదిలేసినవాళ్లకు తగ్గలేదు. 2008లో జాన్ బిచెనర్ ఇంగ్లీషులో ‘ఎ’, ‘ది’ అనే రెండు చిన్న పదాలనే, అదీ వాటి రెండు వాడుకలనే తీసుకుని దిద్దించారు. రెండు నెలల తర్వాత కొత్తగా రాయించి చూసినా, దిద్దుబాటు అందుకున్నవాళ్లు అందుకోనివాళ్ల కంటే మెరుగ్గా రాశారు. మొదటిది చూశాక ‘పిల్లవాడు దానితో ఏదైనా చేయాలి’ అనుకున్నాను, రెండోది చూశాక ‘కొద్దిగానే దిద్దాలి’ అనుకున్నాను. ‘ఎ’, ‘ది’ ల మీద వచ్చిన ఫలితాన్ని తీసుకెళ్లి మొత్తం భాషకు అంటించకూడదు, ఆ జాగ్రత్త మాత్రం ఉండాలి.

దిద్దిన వ్యాసం బాగుపడటం వేరు, రాసేవాడు బాగుపడటం వేరు. మీరు దిద్దింది చూసి ఫెయిర్ కాపీ రాస్తే అందులో తప్పులు తగ్గే తీరుతాయి. అది ఎత్తిరాత. కొత్త విషయం మీద, మీ ఎరుపు గీత ఎదురుగా లేనప్పుడు రాసిన దానిలో తగ్గాయా లేదా అన్నదే లెక్క. ఫెయిర్ కాపీలు చూసి నేను చాలా ఏళ్లు మోసపోయాను.

ఇంకా పెద్ద మోసం ఒకటి చెబుతాను. ఒక ఏడాది ‘కాదు’, ‘లేదు’ తేడా మీద పట్టుదలగా పడ్డాను. మీకూ ఎదురయ్యే ఉంటుంది. హిందీ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు రెండు చోట్లా ఒకటే ‘నహీఁ’. అందుకని ‘అతను డాక్టర్ లేదు’ అని రాస్తారు. నెల రోజులు ప్రతి నోటుబుక్కులో ఆ తప్పు వెతికి వెతికి దిద్దాను. నెల తిరిగేసరికి ఒక వారం మొత్తం కట్టలో ఆ తప్పు ఒక్కటీ లేదు. స్టాఫ్ రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను. సాయంత్రం ఎందుకో మళ్లీ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. తప్పులు లేకపోవడం నిజమే. ఆ వ్యాసాల్లో ‘కాదు’ అన్న వాక్యమే దాదాపు లేదు! ‘మా నాన్న డాక్టర్ కాదు, ఇంజనీరు’ అని రాయాల్సినవాళ్లు ‘మా నాన్న ఇంజనీరు’ అని ఊరుకున్నారు. వాళ్లు నేర్చుకున్నది కాదు-లేదు తేడా కాదు, గొయ్యి ఎక్కడుందో తెలుసుకుని పక్కనుంచి నడవడం.

ఇది నా క్లాసు వింతేమీ కాదు. 1974లోనే జాక్విలిన్ షాక్టర్ అనే పరిశోధకురాలు దీన్ని చూపించారు. ఇంగ్లీషులో సంబంధ ఉపవాక్యాలు (‘హూ’, ‘విచ్’ లాంటి మాటలతో వచ్చేవి) రాసేటప్పుడు చైనీస్, జపనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లు తక్కువ తప్పులు చేశారట. చూస్తే వాళ్లు ఆ రకం వాక్యాలు రాయడమే తక్కువ. ఎర్ర గీతలు లేవంటే నేర్చుకున్నట్టే అనుకోకూడదని నాకు అప్పుడే బోధపడింది.

పెన్ను ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటుంది, మనం నేర్పాలనుకున్నదే నేర్పుతుందన్న హామీ లేదు. ఒక అబ్బాయి ఇలా రాశాడు: ‘మా కుక్క నాలుగు పిల్లల్ని పెట్టారు.’ నవ్వొచ్చింది. తర్వాత వాడి పాత పేజీలు వెనక్కి తిప్పితే నవ్వు ఆగిపోయింది. మొదట ‘అక్క వచ్చాడు’ అని రాశాడు, నేను కొట్టేశాను. తర్వాత ‘అమ్మ చెప్పాడు’, అదీ కొట్టేశాను. ఒకచోట ‘టీచర్ వచ్చారు’ అని రాస్తే దాని మీద గీత పడలేదు. ‘తాతయ్య వెళ్లారు’, గీత లేదు. ‘అమ్మ వెళ్లారు’, గీత లేదు. ‘రు’ పెడితే సార్ కొట్టేయరు అన్న సూత్రం వాడు కష్టపడి కనిపెట్టుకున్నాడు. ఆ సూత్రం కుక్క దగ్గర తేలిపోయింది.

ఆ తప్పు నిర్లక్ష్యం కాదు. తెలుగు క్రియ నిజంగానే చిక్కుముడి. ఏకవచనంలో మగవాళ్లకు ఒక రూపం, ఆడవాళ్లకూ జంతువులకూ వస్తువులకూ కలిపి ఇంకో రూపం: అన్న వచ్చాడు, అక్క వచ్చింది, పిల్లి వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి గీత ఇంకోచోట పడుతుంది: అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, పిల్లులు వచ్చాయి. దానిమీద మళ్లీ గౌరవం. పుట్టినప్పటి నుంచి వింటున్న మనకు ఇందులో వింతేమీ కనబడదు. హిందీ నుంచి వచ్చిన పిల్లవాడు స్త్రీలింగానికి విడిగా ఒక రూపం కోసం వెతుకుతాడు, అది దొరకదు. అక్కను పిల్లితో కలిపి ‘వచ్చింది’ అనడానికి వాడికి మనసొప్పదు. ఇలాంటిచోట ‘డు’ కొట్టేసి ‘ంది’ రాస్తే ఏమీ జరగదు. ఆ వారం నేను దిద్దడం ఆపేసి బోర్డు మీద మూడు వరసలు రాశాను: ఒక్క మగవాడు, ఒక్క ఆడమనిషి లేదా జంతువు, చాలామంది మనుషులు. వాళ్ల వ్యాసాల్లోని వాక్యాలే తెచ్చి వరసల్లో పెట్టించాను. కుక్క ఎక్కడికి వెళ్లాలో ఆ అబ్బాయే చూపించాడు. ‘పెట్టింది’ అని దిద్దుకున్నాడు. తర్వాత ‘పిల్లలు ఆడుకున్నారు’ అనాలా, ‘ఆడుకున్నాయి’ అనాలా అని అడిగాడు. నాలుగో వరస గీయాల్సి వచ్చింది.

ఇంతకీ ఏవి దిద్దాలి? సూత్రం చెప్పి, అది పట్టుకుని పిల్లవాడు తనంతట తాను సరిచేసుకోగలిగినవి ముందు. కాదు-లేదు అలాంటిదే: ఎక్కడో ఉండటం, లేకపోవడం గురించి అయితే ‘ఇంట్లో లేడు’, ఒకటి ఇంకొకటి అవునా అన్నదైతే ‘డాక్టర్ కాదు’. ‘నాకు రెండు అన్నలు’ అన్నదీ అంతే. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, మిగతా వాటికి రెండు, మూడు. ఐదు నిమిషాల పాఠం, ఆపై చాలా వాడకం.

సూత్రం లేని తప్పులు ఇంకో రకం. ‘నిన్న పరీక్ష ఇచ్చాను’ అని రాస్తారు. హిందీలో పరీక్ష ‘ఇస్తారు’, తెలుగులో ‘రాస్తాం’. ఎందుకంటే ఏం చెబుతాం? అలా అంటాం, అంతే. దాని కింద గీత గీసి ‘సరిచేసుకో’ అనడం అన్యాయం, ఎందుకంటే వాడి బుర్రలో సరైనది లేదు. అలాంటిచోట మాట పైన ‘రాశాను’ అని నేనే రాసేస్తాను, సణగకుండా. ఫెరిస్ చెప్పిన తేడా దాదాపు ఇదే. రెండు జాతులకూ ఒకే ఎర్ర గీత వాడటంలోనే మన టైమంతా పోతుంది.

మూడో రకం అసలు దిద్దాల్సినవే కావు. చేయి జారినవి. ఒత్తు మరిచిపోవడం, దీర్ఘం ఎగిరిపోవడం, ఒకచోట సరిగ్గా రాసి రెండు లైన్ల కింద తప్పు రాయడం. తెలియక చేసే తప్పు వేరు, తెలిసీ జారే తప్పు వేరని పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే విడదీశారు. ఏది ఏదో తెలుసుకోవడానికి నేను వాడే ఉపాయం చిన్నది. నోటుబుక్కులు తీసుకునే ముందు ఐదు నిమిషాలిచ్చి, ఎవరిది వాళ్లను పెదవులు కదిలేలా చదువుకోమంటాను, పెన్సిలుతో దిద్దుకోమంటాను. చెవికి తగిలినవన్నీ వాళ్లే సరిచేసుకుంటారు. మీ ఆదివారంలో ఒక గంట అక్కడే మిగులుతుంది.

పెన్నుకు అసలు దొరకని తప్పులు కూడా ఉంటాయి. ‘సెలవుల్లో మనం కొండ ఎక్కాం’ అని ఒక అమ్మాయి రాసింది. వ్యాకరణంలో ఏ లోపం లేదు, నేను టిక్కు పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే ఆ కొండ నేను ఎక్కలేదు కదా! ఆమె చెప్పాలనుకున్నది ‘మేము’. ఇంగ్లీషులో, హిందీలో ఈ తేడా లేదు కాబట్టి ఆ పిల్లకు రెండూ ఒకటే. వాక్యం ఒంటరిగా చూస్తే పట్టుబడదు, రాసిందెవరు, చదివేదెవరు అని చూస్తేనే పట్టుబడుతుంది. అందుకే మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను పట్టుకోను. ఉత్తరం చదివినట్టు చదువుతాను. అర్థం కాకపోతే పక్కన ‘ఎవరెవరు ఎక్కారు?’ అని ప్రశ్న రాస్తాను. పిల్లవాడు ఏమనుకుని రాశాడో తెలియకుండా తిరగరాస్తే, వాడు చెప్పనిది వాడి నోట్లో పెట్టినట్టవుతుంది. నా పాత కట్టలో నేను ‘దిద్ది’ చెడగొట్టిన మంచి వాక్యాలు కొన్ని నేనే చూశాను. ఒకే నోటుబుక్కులో పైన దిద్ది కింద వదిలేసినవి సరేసరి. అర్ధరాత్రి ముప్పయ్యో వ్యాసం దగ్గర ఎవరికైనా అంతే.

గుర్తుల సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు నాకు పద్నాలుగు గుర్తులుండేవి. పట్టిక రాయించి నోటుబుక్కు అట్ట లోపల అంటించేవాణ్ని. ఒకరోజు ఒక అబ్బాయి వచ్చి ‘సార్, ఈ ‘వి’ అంటే విభక్తా, విశేషణమా, విరామమా?’ అన్నాడు. నాకే గుర్తులేదు. అట్ట తిప్పి చూసి చెప్పాను. అప్పటి నుంచి గుర్తులన్నీ తీసేశాను. చాండ్లర్ అధ్యయనంలో కూడా తప్పు ఏ రకానిదో రాసి చెప్పడం కంటే ఊరికే గీత గీయడం, లేదా నేరుగా సరైనది రాసివ్వడం తర్వాతి రాతల్లో ఎక్కువ పనిచేశాయి. ఇప్పుడు నా దగ్గర రెండే: సూత్రం ఉన్న తప్పు కింద గీత, సూత్రం లేనిదాని పైన సరైన మాట.

ఇక వారం ఎలా నడుస్తుందో చెబుతాను, మీకు కుదిరినంత తీసుకోండి. మొదట రఫ్. దాన్ని పెన్ను లేకుండా చదివి, రాసిన విషయం మీద ఒకటి రెండు వాక్యాలు, ఒక ప్రశ్న. అంతే. వ్యాకరణం జోలికి పోను. 1984లో జర్మన్ నేర్చుకునే కాలేజీ విద్యార్థుల మీద ఒక అధ్యయనం వచ్చింది. విషయం మీద వ్యాఖ్యలే అందుకున్నవాళ్లు, తప్పులు దిద్దించుకున్నవాళ్ల కంటే దోషాల్లో వెనకబడలేదు, పైగా ఎక్కువ రాశారు. రాసిందాన్ని ఎవరో చదువుతున్నారంటే రాయబుద్ధవుతుంది, అది అధ్యయనం లేకపోయినా తెలిసేదే.

తర్వాత రెండో రాత. అందులో ఆ పక్షానికి ఎంచుకున్న రెండంటే రెండు అంశాలే చూస్తాను. అవి ఏమిటో ముందే బోర్డు మీద రాసి ఉంటాయి, ఉదాహరణకు ‘కాదు-లేదు’, ‘ఇద్దరు-రెండు’. మిగతా తప్పులు కళ్లెదుట కనబడుతున్నా వదిలేస్తాను. మొదట్లో ఇది ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. ముందు చూసిన ‘వచ్చాడు’ను చూసీ చూడనట్టు పేజీ తిప్పడానికి చెయ్యి రాదు. ఒక్క మినహాయింపు: వాక్యం అర్థమే తారుమారైతే ఏ రకం తప్పయినా గుర్తుపెడతాను.

నోటుబుక్కులు పంచిన రోజు పదిహేను నిమిషాలు వేరే పని పెట్టుకోకూడదు. అసలు పని ఆ పదిహేను నిమిషాలదే. గీత పడ్డవి వాళ్లే సరిచేయాలి, ఒక్కో దానికి అదే సూత్రం వాడి సొంత వాక్యాలు రెండు కొత్తగా రాయాలి. తప్పు పదిసార్లు ఎత్తిరాయించే ఇంపొజిషన్ కాదు సుమా, ఎత్తిరాసేటప్పుడు చెయ్యి పనిచేస్తుంది, బుర్ర నిద్రపోతుంది. ఆ సమయంలో నేను బెంచీల మధ్య తిరుగుతాను. ఎవరైనా ఆగిపోతే పక్కన కూర్చుని ఒక్క నిమిషం మాట్లాడతాను. రాతతో పాటు మాట కూడా తోడైతే కొన్ని అంశాల్లో ఇంకా బాగా పనిచేస్తుందని 2005లో బిచెనర్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం చెబుతుంది. అందులోనూ ఇంగ్లీషు భూతకాలానికి, ‘ది’ కి పనిచేసింది, ప్రిపోజిషన్లకు (‘ఇన్’, ‘ఆన్’ లాంటి చిన్న మాటలకు) పనిచేయలేదు. మన ‘పరీక్ష ఇచ్చాను’ కథే అక్కడా.

మార్కు మాత్రం ఆ పదిహేను నిమిషాల తర్వాతే వేయండి. ముందే వేస్తే పది సెకన్ల సీను మళ్లీ మొదలు.

ఈ పద్ధతిలో రఫ్‌కు రెండు నిమిషాలు, రెండో రాతకు మూడు నిమిషాలు వేసుకున్నా 45 మందికి 3 గంటల 45 నిమిషాలు. అదీ ఒకే రోజు కాదు. దానికి కూడా టైము లేని వారం సగం మందివే తీసుకోండి, మిగతా సగం పై వారం. ఎవరి వంతు ఎప్పుడో చెప్పకండి.

దీనికి తోడు వారానికొకసారి పది నిమిషాల్లో ఒక్క పేరా రాయించే అలవాటు పెట్టండి. చిన్న పేరా కాబట్టి మొత్తం దిద్దినా మీకు భారం కాదు, వాడికీ కాదు. నేను దాన్ని తరగతిలో మూడో వంతు మందికే చేస్తాను, వంతులవారీగా. అన్ని తప్పులూ దిద్దించుకోవాలని ఉబలాటపడే పిల్లలు కొందరుంటారు, వాళ్లకు ఇది మందులా పనిచేస్తుంది.

బాగా మొదట్లో ఉన్నవాళ్లకు, అంటే నాలుగు వాక్యాలు రాయడమే గగనంగా ఉన్నవాళ్లకు ఇదేమీ వద్దు. వాళ్లు చెప్పాలనుకున్నది నోటితో చెప్పించి, మీరు సరైన తెలుగులో రాసివ్వండి, చదువుకుంటారు. ఫోనులో దిద్దే యాప్‌ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. నాకు పెద్ద పట్టింపు లేదు. కాకపోతే ఒక్క నొక్కుతో తప్పు మాయమైపోతే అది ఫెయిర్ కాపీ లాంటిదే, రాసేవాడి చేతికి ఏమీ అంటదు.

తల్లిదండ్రుల విషయం. ఊరుకోరు, నిజమే. నన్ను కూడా ‘ఇన్ని తప్పులు వదిలేశారేమిటి సార్, చూశారా అసలు?’ అని ఒకాయన నలుగురిలో అడిగారు. చూసే వదిలేశానని చెబితే నమ్మేలా లేరు. అప్పటి నుంచి ప్రతి రాత పైనా ఒక లైను పిల్లల చేతే రాయిస్తున్నాను: ‘ఈసారి దిద్దినవి: కాదు-లేదు, ఇద్దరు-రెండు.’ ఏడాది మొదట్లో జరిగే మీటింగులో ఆ లైను అర్థమేమిటో రెండు నిమిషాలు చెబుతాను. హెడ్‌మాస్టరుకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నోటుబుక్కుల తనిఖీ రోజు టెన్షన్ మీకే. ఆ లైను వచ్చాక ఫిర్యాదులు ఆగాయని అనను, తగ్గాయి. ఒకరిద్దరు ఇప్పటికీ ఇంట్లో తామే ఎర్ర పెన్ను పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి.

చివరగా, ఇది మీ క్లాసులో పనిచేస్తోందో లేదో నా మాట మీద ఆధారపడి నమ్మకండి. ఇప్పుడే ఐదుగురి నోటుబుక్కులు ఎంచుకుని, ఒక బాగా రాసేవాడు, ఒక అంతంతమాత్రం, అలా, ఈ వారం పేజీలు ఫోటో తీసి పెట్టుకోండి. ఎనిమిది వారాల తర్వాత కొత్త విషయం మీద, ముందు చెప్పకుండా, క్లాసులోనే రాయించండి. లెక్కపెట్టేటప్పుడు తప్పులు ఒక్కటే లెక్కపెట్టకండి, నేను కాదు-లేదు దగ్గర బోల్తా పడింది అక్కడే. ‘కాదు’ గానీ ‘లేదు’ గానీ వాడాల్సిన సందర్భాలు ఎన్ని వచ్చాయి, అందులో సరిగ్గా వాడింది ఎన్నిసార్లు, రెండూ రాసుకోండి. అప్పుడు ఆరుచోట్ల వాడాల్సి వచ్చి రెండుచోట్ల సరిగ్గా రాసినవాడు ఇప్పుడు తొమ్మిదిచోట్ల వాడి ఆరు సరిగ్గా రాస్తే, తప్పులు నాలుగు నుంచి మూడుకే తగ్గినట్టు కనబడతాయి. వాడికి మాత్రం మంచి మార్కే వేయండి. ఒక్కచోటే వాడి, ఆ ఒక్కటీ సరిగ్గా రాసినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల నాన్న ఏ ఉద్యోగం చేయరో అడగండి.